ఒకే పాత చీరకు నాలుగు ధరలు

మధ్యాహ్నం రెండు దాటి, అన్నాలు తిన్న ఇళ్లన్నీ కునుకు తీసే వేళకి విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధిలో ఒక కేక వినపడేది. "పాత బట్టలకి స్టీలు సామాన్లోయ్..." నెత్తిన గంప, గంపలో తళతళలాడే గిన్నెలు, భుజాన పాత బట్టల మూట. అమ్మ తలుపు తీసేది. నాన్న ప్యాంట్లు రెండు, నాకు పొట్టయిపోయిన గౌన్లు, వెలిసిపోయిన చీరలు రెండు వేస్తే ఒక టిఫిన్ డబ్బా వచ్చేది. ఒకరోజు అమ్మ పెద్ద బేసిన్ అడిగింది. "దానికి ఇవి చాలవమ్మా, ఇంకోటేదైనా వెయ్యి" అంది గంపావిడ. అమ్మ లోపలికెళ్లి మామ్మ పట్టుచీర తెచ్చి వేసింది. నెమలికంఠం రంగు. మడతల దగ్గర చిట్లిపోయింది, ఇక కట్టడానికి పనికిరాదని ఇంట్లో అందరం అనుకున్నదే. ఆ బేసిన్ ఇప్పటికీ ఉంది. పప్పు నానబోయడానికి వాడతాం.

ఇచ్చేయకముందే ఆ చీర కొంగులోంచి ఒక ముక్క తీసి నాకు చిన్నప్పుడు పరికిణీ కుట్టించారు. అదొక్కటీ మిగిలింది. చాలా ఏళ్ల తర్వాత పెట్టె సర్దుతుంటే బయటపడితే, అంచులోంచి ఒక పోగు లాగి చూశాను. పైన సన్నటి లోహపు తీగ, లోపల ఎర్రటి పట్టుదారం. అసలు వెండి జరీ! తులాల కొద్దీ వెండిని, మామ్మ కట్టుకున్న చీరని ఒక బేసిన్‌కి ఇచ్చేశామని అప్పుడు తెలిసింది. గంపావిడ మమ్మల్ని మోసం చేసిందని నేను అనుకోను. ఆవిడకీ తెలిసి ఉండదు. పాత బట్టల వ్యవహారమంతా నాకు అక్కడ మొదలైంది.

ఇప్పుడు పాత బట్టలు కొనడం కాలేజీ పిల్లలకి ఇష్టమైన పనైంది. ఫోన్లో 'థ్రిఫ్ట్' (వాడిన బట్టల్ని చవగ్గా కొనుక్కోవడం), 'వింటేజ్' అనే మాటలు కనిపించని రోజు లేదు. మా చుట్టాల పిల్లలు "విజయవాడలో ఇలాంటివి చవగ్గా ఎక్కడ దొరుకుతాయి అత్తా" అని అడుగుతుంటారు. మన దగ్గర పాత బట్టలకేం కొదవ? ఇటు విజయవాడ, అటు గుంటూరు, మధ్యలో మంగళగిరి మగ్గాలు. ప్రతి ఇంటి బీరువాలోనూ రెండు తరాల చీరలున్నాయి. ఏ బట్టకి ధర ఎలా వస్తుందో తెలియకపోవడమే చిక్కు. అది తెలియనంతకాలం, ఏ సందులోకి వెళ్లినా పది రూపాయల దానికి వంద పెడతాం, వేలు చేసేదాన్ని పక్కకి నెట్టేస్తాం.

పేరు ఒకటే, సరుకు వేరు

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. 'థ్రిఫ్ట్' అని అమ్ముతున్న దాంట్లో కొంత అసలు పాతదే కాదు. తిరుపూర్ లాంటి చోట్ల విదేశీ ఆర్డర్ల కోసం కుట్టగా మిగిలిపోయినవి, చిన్న లోపం ఉందని పక్కన పెట్టినవి 'ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్' పేరుతో వస్తాయి. లేబుల్ సగం కత్తిరించి ఉంటుంది, లేదా మార్కర్‌తో గీత గీసి ఉంటుంది. అవి ఎవరూ తొడగని కొత్త బట్టలు. బేరం బాగుంటే హాయిగా కొనుక్కోవచ్చు, కానీ వింటేజ్ అని ఎక్కువ ఇవ్వక్కర్లేదు. ఎవరో తొడిగి వదిలేసినవి సెకండ్ హ్యాండ్. వాటిలోనూ కనీసం 20 ఏళ్ల వయసున్న వాటినే వింటేజ్ అనడం ఈ వ్యాపారంలో వాడుక. పదేళ్ల నాటి జీన్స్ ఉత్త పాత జీన్సే.

'ఇంపోర్టెడ్ వింటేజ్' అన్నప్పుడు ఇంకాస్త ఆలోచించాలి. వాడిన బట్టల్ని విదేశాల నుంచి తెచ్చుకోవడం మన దేశంలో ఆంక్షలున్న వ్యాపారం, లైసెన్సు కావాలి. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో ఇలాంటి బేళ్లు విప్పి, రకాలుగా ఏరి, మళ్లీ వేరే దేశాలకి పంపే యూనిట్లున్నాయి. ఉన్ని బట్టల్ని కత్తిరించి హర్యానాలోని పానిపట్‌కి పంపితే, అక్కడ వాటిని పీచు చేసి దారం తీసి, దుప్పట్లు నేస్తారు. అందుకని విదేశీ జాకెట్ ఫుట్‌పాత్ మీద కనిపిస్తే, అది ఎలా వచ్చిందని ఒక్క మాట అడగడంలో తప్పులేదు.

మన రెండు జిల్లాలకి ఇంకో దారి ఉంది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఇక్కడ వీధికి నాలుగు. వాళ్లు వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో తెచ్చి వదిలేసిన కోట్లు, జీన్సులు ఏళ్ల తరబడి అటకెక్కి ఉంటాయి. చివరికి అవీ మూటలోకే వస్తాయి.

నాలుగు ధరలు

ఇక అసలు విషయం. ఇంట్లోంచి బయటపడిన పాత చీర ఒక మూటలో చేరుతుంది. ఆ మూటలు వన్‌టౌన్ లాంటి చోట సందుల్లో ఏదో ఒక వరండాలో విప్పుతారు. అక్కడ చీరని చూసేవాళ్లు నలుగురు. ఒక్కొక్కరి కంటికి ఒక్కో వస్తువు కనపడుతుంది.

మొదటిది గుడ్డ ధర. కాటా మీద తూచి ఇచ్చేది. పాత కాటన్ చీరలు, లుంగీలు, పంచెలు మెకానిక్ షెడ్లకి, ప్రింటింగ్ ప్రెస్సులకి తుడుపు గుడ్డలుగా వెళతాయి. నూలు నూనెని బాగా పీలుస్తుంది, పాలిస్టర్ అంతగా పీల్చదు. కాబట్టి వందసార్లు ఉతికి వెన్నలా మెత్తబడిన మంగళగిరి చీర ఈ కాటా మీద మహా ఇష్టమైన సరుకు. నాకు గుండె కలుక్కుమనేది ఇక్కడే. అంత మెత్తదనం ఏ కొత్త చీరకీ రాదు. పదేళ్లపాటు ఒకావిడ కట్టి ఉతికి ఆరేస్తే వచ్చినది, గ్రీజు తుడవడానికి పోతుంది.

రెండోది కట్టు ధర. మూటలోంచి బాగున్నవి ఏరి, ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ కట్టుకునేవాళ్లకి అమ్ముతారు. ఇళ్లల్లో పనికి, కూలికి వెళ్లే ఆడవాళ్లు కొనుక్కునే చీరలివి. రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరాలి, గంజీ ఇస్త్రీ అక్కర్లేకుండా ఉండాలి, రంగు నిలవాలి. అందుకే ఇక్కడ నైలాన్, జార్జెట్, పాలిస్టర్ చీరలకి గిరాకీ ఎక్కువ, కాటన్‌కి తక్కువ. ఫ్యాషన్ షాపుల లెక్క ఇక్కడ తిరగబడుతుంది. మనకి పనికొచ్చే బేరం కూడా ఈ తిరగబాటులోంచే పుడుతుంది. వాళ్లకి అక్కర్లేని చేనేత కాటన్ మనకి కావాలి. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఆ రోజువారీ చీరలు ఏరుకునే ఆడవాళ్లు మన పక్కనే నిలబడి ఉంటారు. వాళ్లకి కావాల్సినది మనం సరదాకి ఎక్కువ డబ్బిచ్చి ఎగరేసుకుపోకూడదు.

మూడోది వెండి ధర. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసినది. దాని బరువులో సగానికి పైగా వెండే. పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్లకి చీరతో పని లేదు. దాన్ని కాల్చి, బూడిద కడిగి, మిగిలిన వెండిని కరిగిస్తారు. కాల్చాక 100 గ్రాముల వెండి మిగిలిందనుకోండి. కిలో లక్ష రూపాయలున్న రోజున దాని విలువ పది వేలు. వెండి కిలో లక్ష దాటాక ఈ కొనుగోళ్లు మరీ జోరందుకున్నాయి. ఎంత గొప్ప నేత అయినా, జరీ బరువుంటే మంటల్లోకే.

మా పిన్ని దగ్గరికి ఒకతను వచ్చి, రెండు చీరల అంచులు నల్లబడ్డాయని చూపించి "ఇది రాగి జరీ అమ్మా, పెద్దగా ఏం రాదు" అని, అయిదొందల చొప్పున ఇచ్చి పట్టుకుపోయాడు. అక్కడే పప్పులో కాలేశాం. నలుపు చూసి రాగి అనేయకూడదు! పట్టీలు, కుంకుమ భరిణెలు నల్లబడటం చూస్తూనే ఉంటాం కదా, గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది. రాగి పాతబడితే సాధారణంగా ఎర్రగా కమిలి, చెమట తగిలిన చోట పచ్చటి చిలుము పడుతుంది. వెండి పూత ఉన్న రాగి కూడా నల్లబడొచ్చు కనుక పోగు తీసి చూస్తే గానీ తేలదు. నలుపుని చూపించి రాగి అన్నాడంటే అతనికి తెలియకనైనా అనాలి, తెలిసైనా అనాలి. మనకి తెలిసుంటే రెండూ చెల్లవు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కొంగు చివర వేలాడే పోగొకటి తీసుకుని, గోళ్లతో పట్టుకుని వెనక్కి తిప్పండి. తీగ స్ప్రింగులా విడిపోయి లోపలి దారం బయటపడుతుంది. తీగని గోటితో గీరితే తెల్లగా మెరిస్తే వెండి, ఎర్రగా కనిపిస్తే రాగి మీద వెండి పూత. అసలు తీగే లేకుండా ప్లాస్టిక్ రేకులా సాగితే అది పాలిస్టర్ జరీ, అగ్గిపుల్ల చూపించగానే ముడుచుకుపోయి ఉండ కడుతుంది. ఒక పోగుతో తేలకపోతే గీటురాయి ఉన్న కంసాలి దగ్గరికి వెళ్లండి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే, నగల స్వచ్ఛత చూసే ఎక్స్‌ఆర్ఎఫ్ మిషన్ మీద జరీలో ఏ లోహం ఎంత ఉందో కనిపిస్తుంది.

పట్టుకీ ఇదే అగ్గిపుల్ల. పట్టుపోగు కాలిస్తే జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి పూసని వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండగా మిగులుతుంది. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది చీర మీద చేసే పని కాదు. విడిగా తీసిన పోగు మీద, కింద నీళ్ల గిన్నె పెట్టుకుని చేయాలి.

నాలుగోది నేత ధర. దీన్ని కాటా చూపించదు, గీటురాయి చూపించదు. కంటికి అలవాటవ్వాలి. పాత మంగళగిరి చీరలో ఒంట్లో బుటాలుండవు, సోకంతా అంచులోనూ కొంగులోనూ ఉంటుంది. గుంట మగ్గం మీద గట్టిగా కొట్టి నేసిన బట్ట కనుక, ఎండకి అడ్డంగా పట్టుకుంటే సందు లేకుండా ఒకే తీరుగా కనిపిస్తుంది. ఉప్పాడ జాందానీలో బుటా ముందు ఎలా ఉందో వెనకా దాదాపు అలాగే ఉంటుంది, వేలాడే దారాలుండవు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచుని నేతలోనే కలుపుతారు, ఆ కలిసిన గీతని వేలితో తడిమితే తెలుస్తుంది. చేనేతలో అంచు చివర వరసగా సూది గుచ్చినట్టు చిన్న రంధ్రాలు సాధారణంగా కనిపిస్తాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా బిగించే కర్ర గుర్తులవి. ఈ నాలుగో ధర తెలిసినవాళ్లు మూట దగ్గర అరుదుగా ఉంటారు. అమ్మేవాళ్లు మొదటి మూడు ధరల్లో ఏదో ఒకటి అడుగుతారు, మనం నాలుగోది చూసి కొంటాం. ఆ తేడానే బేరం.

వయసు ఎలా పట్టాలి

"మా అమ్మమ్మ నాటిదమ్మా" అనే మాటకి డబ్బు ఇవ్వకండి. చీరతో వచ్చిన చీటీ, అట్టపెట్టె, చివర కొట్టిన ముద్ర చూడండి. పిన్‌కోడ్ మన దేశంలోకి 1972 ఆగస్టు 15న వచ్చింది. షాపు చిరునామాలో 520001 అని ఉంటే దాని తర్వాతదే. అణాల్లో లెక్క రాసిన చీటీ అయితే దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్‌కి ముందుదో, ఆ దగ్గర్లోదో. గజాల్లో కొలత రాసి ఉందంటే మీటరు ఇంకా అలవాటు కాని కాలం కావొచ్చు. సెల్‌ఫోన్ నంబరు ఉంటే 1995కి ఇవతలిది. సిల్క్ మార్క్ 2004లో మొదలైంది. ధర ముందు ఇప్పటి రూపాయి గుర్తు ఉంటే 2010 తర్వాతది. 15 అక్షరాల జీఎస్టీ నంబరు (జీఎస్టీఐఎన్) ఉంటే 2017 జులైకి ముందుదయ్యే ప్రసక్తే లేదు. ఒక చిక్కుంది. మన ఇళ్లల్లో అట్టపెట్టె ఒక చీరది, లోపలున్నది ఇంకో చీర అవుతుంది. చీర మీదే ఉన్న ముద్రకి ఎక్కువ విలువివ్వండి.

చీరే కొంత చెబుతుంది. నేతలోనే వచ్చే రవికె ముక్క పాత చీరల్లో చాలావాటికి ఉండదు. ఎనిమిది, తొమ్మిది గజాల చీర దొరికితే అది కట్టు వేరుగా ఉన్న రోజులది కావొచ్చు. పాత చీరల్లో కొన్నిటికి పన్నా (వెడల్పు) తక్కువగా ఉంటుంది కనుక కాస్త పొడవైనవాళ్లు కొనేముందు నడుము నుంచి మడమ దాకా పట్టి చూసుకోవాలి.

సూట్‌కేసుల్లో వచ్చిన విదేశీ బట్టల మీద దేశం పేరే తేదీ చెబుతుంది. పశ్చిమ జర్మనీ తయారీ అని ఉంటే 1990లో రెండు జర్మనీలు కలవకముందుది. లీవైస్ జీన్స్ వెనక జేబు పక్కన ఉండే ఎర్ర పట్టీ మీద ఆంగ్లంలో కంపెనీ పేరు అన్నీ పెద్దక్షరాల్లో ఉంటే 1971కి ముందుది కావొచ్చు. ఆ తర్వాత అందులో 'ఈ' అక్షరం చిన్నదైంది. పాత మోడళ్లని కంపెనీయే మళ్లీ కుట్టి అమ్ముతుంది కనుక పట్టీ ఒక్కటి చూసి ఎగిరి గంతేయకూడదు.

చిట్లిన చీరతో ఏం చేయాలి

ఎంత చవకైనా కొనకూడని చీరలున్నాయి. మడత ఉన్న చోట రెండు వైపులా మెల్లగా లాగండి. సన్నగా చిరచిరమని శబ్దం వస్తే పట్టు చచ్చిపోయింది. ఏళ్ల తరబడి ఒకే మడత మీద, పైన జరీ బరువుతో ఉన్న చీరకి ఇలా అవుతుంది. ఇలాంటి దానికి రఫూ (చిరుగుని దారంతో అల్లడం) చేయించినా పక్కన ఇంకో చోట పోతుంది. అదే, ఒంట్లో ఎలుక కొట్టిన చిన్న చిల్లు, పిన్ను తుప్పు మరక, కాలి కింద నలిగిన అంచు అయితే భయం లేదు. కుచ్చిళ్లలోకి పోతుంది, లేదా ఫాల్ కిందకి పోతుంది. ఒళ్లంతా పోయి అంచు మాత్రం గట్టిగా ఉన్న చీరని వదులుకోకండి. అంచు విప్పించి కొత్త బట్టకి వేయించుకోవచ్చు, పిల్లలకి పరికిణీ కుట్టించుకోవచ్చు. మామ్మ చీర అంచంతటికీ మా ఇంట్లో చేయాల్సింది అదే.

ఎవరి ఒంటి మీద గుడ్డో అనే వెనకడుగు చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. చనిపోయినవాళ్లవేమో అని భయపడేవాళ్లని చిన్నబుచ్చను. అది వాళ్ల మనసు. శుభ్రత గురించిన భయానికి మాత్రం మందుంది. తెచ్చిన మూటని ఇంట్లో బట్టలతో కలపకుండా ఒక వారం ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచితే, గజ్జి కలిగించే పురుగులు మనిషి చర్మం దొరక్క చస్తాయి. తర్వాత కాటన్‌ని రంగు దిగదని చూసుకుని వేడినీళ్లలో ఉతికి, మన బెజవాడ ఎండలో పడేయడమే. పట్టుని మాత్రం ఎండకి చూపించకూడదు, నీడన గాలికి ఆరేయాలి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, వానాకాలం బీరువాల్లోకి తేమ చేరుతుంది, బూజు వాసన వస్తుంది. రెండు మూడు రోజులు గాలికి ఉంచితే చాలావరకు పోతుంది. కలరా ఉండలు జరీకి తగలనీయకండి. మెత్తటి పాత పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి.

నేను తరచూ వెళ్లే వరండాలో మూటలు విప్పే ఒక పెద్దావిడ ఉంది. మొదటిసారి ఆవిడ ముందు కూర్చుని వంగపండు రంగు చీర కొంగులోంచి పోగు తీసి గీరుతుంటే, "ఏంటమ్మాయ్, చీర కొంటావా, పీకుతావా?" అని కసిరింది. వెండి కనపడింది. నాకు రెండొందలు చెప్పిన చీర అది. ఆ మాట దాచి కొనుక్కుని వచ్చేయొచ్చు. గంపలో వేసిన మామ్మ చీర గుర్తొచ్చింది. "పిన్నీ, ఇది రెండొందల చీర కాదు" అని పోగు ఆవిడ అరచేతిలో పెట్టి, గోటితో ఎలా గీరాలో చూపించాను. ఆ చీర నేత కూడా బాగుంది. కాల్చడానికి ఇవ్వొద్దని చెప్పి, వెండికి వచ్చే డబ్బు లెక్క కట్టి, దాని మీద ఇంకాస్త ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇప్పుడు మూట విప్పగానే జరీ ఉన్న ప్రతి చీరకీ ముందు ఆవిడే పోగు లాగుతుంది. నల్లబడ్డవి ఒక పక్కన పెడుతుంది. నా దగ్గర ఇదివరకటి కంటే ఎక్కువే అడుగుతుంది, నేను ఇస్తున్నాను. మెత్తబడ్డ కాటన్ చీరలు మాత్రం "ఇవి నీకే, ఇంకెవరూ అడగరు" అంటూ కాటా ఎక్కకముందే విడిగా తీసి ఉంచుతోంది.